మూలాలు వేరైనంత మాత్రాన

“మీ మూలసూత్రాలే వేరు, మావి వేరు. ఇక మాట్లాడుకుని లాభమేంటి?”

చదువుకున్నవాళ్ల ఇళ్లలో ఈ మాట ఇప్పుడు తరచుగా వినిపిస్తోంది. దేవుడి ఊసుతో మొదలైన సంభాషణ దీని దగ్గరే ఆగిపోతుంది. రిజర్వేషన్లు, ఇంగ్లీషు మీడియం, కులాంతర వివాహం, ఏది మొదలైనా చివరికి ఇక్కడికే చేరుతుంది. పండక్కి కలిసిన అన్నదమ్ములు రాజకీయాలు ఎత్తకూడదని ముందే అనుకుని మరీ భోజనానికి కూర్చుంటున్నారు. ఈ నిస్పృహకు ఒక సిద్ధాంతం కూడా తోడైంది. ప్రతి వాదమూ కొన్ని మౌలిక నమ్మకాల మీద నిలబడుతుంది, ఆ నమ్మకాలను తర్కంతో నిరూపించలేం, అవి ఇద్దరికీ ఒకటే అయితేనే చర్చ ముందుకు సాగుతుంది, కాకపోతే గొంతు చించుకోవడమే మిగులుతుంది అన్నది ఆ సిద్ధాంతం. కాబట్టి మూలాలు కలిసినవాళ్లతో చర్చించాలి, కలవనివాళ్లతో సంగతి ఓట్లకో కోర్టులకో వదిలెయ్యాలి.

ఇందులో సగం నిజముంది. ఇద్దరికీ సమ్మతమైన నేల కొంతైనా లేకపోతే వాదం నిలబడదు. అయితే ఆ నేల ఎంత ఉండాలి, అది దేనితో తయారవుతుంది అన్న దగ్గర ఈ సిద్ధాంతం పూర్తిగా దారితప్పింది. వాదం చివర తేలాల్సిన సంగతులను తీసుకొచ్చి, వాదం మొదలుకావడానికే షరతుగా పెడుతోంది. దేవుడున్నాడా లేడా అన్నదే ప్రశ్న అయినప్పుడు, ఆ విషయంలో ముందే ఒకే అభిప్రాయం ఉన్నవాళ్లే చర్చించాలంటే చర్చించడానికి ఇంకేం మిగిలింది?

ఈ చిక్కు కొత్తది కాదు. ప్రాచీన భారతదేశంలో తర్కం చేసినవాళ్లు దీన్ని ఎదుర్కొన్నారు, దాటారు కూడా. వాళ్ల మధ్య ఉన్న తేడాల ముందు నేటి పార్టీల తేడాలు చాలా చిన్నవి. జ్ఞానం ఎలా కలుగుతుందన్న మొదటి ప్రశ్న దగ్గరే వాళ్లు విడిపోయారు. ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణమని చార్వాకులు అన్నారు. ప్రత్యక్షం, అనుమానం అని రెండే చాలన్నారు దిఙ్నాగుడి దారిలో నడిచిన బౌద్ధులు. నైయాయికులు ఉపమానాన్నీ శబ్దాన్నీ కలిపి నాలుగన్నారు. కుమారిలభట్టును అనుసరించిన మీమాంసకులు ఆరు లెక్కపెట్టారు. ఆత్మ శాశ్వతమన్నది ఒక పక్షం, ఆత్మే లేదన్నది ఇంకో పక్షం. వేదం అపౌరుషేయమని ఒకరంటే, దానికి ఏ ప్రామాణ్యమూ లేదని ఇంకొకరన్నారు. మూలాలు వేరైతే మాట కుదరదన్నదే నిజమైతే వీళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునే పని కూడా ఉండకూడదు.

జరిగింది పూర్తిగా వేరు. నైయాయికుల మూలగ్రంథమైన న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు భాష్యం రాశాడు. దిఙ్నాగుడు దాన్ని విమర్శించాడు. ఆ విమర్శకు జవాబుగా ఉద్యోతకరుడు న్యాయవార్తికం రాశాడు. ధర్మకీర్తి దిఙ్నాగుడి పక్షాన నిలబడి మరింత పదునుగా రాశాడు. ఆ తర్వాత వాచస్పతి మిశ్రుడు, ఉదయనుడు వచ్చారు. ఐదు వందల ఏళ్లకు పైగా సాగిన సంభాషణ ఇది. అన్నేళ్లలో రెండు పక్షాల తర్కమూ మెరుగుపడింది. ప్రతి తరమూ ప్రత్యర్థి వేసిన దెబ్బకు తన వాదంలోని బలహీనమైన చోటును సరిచేసుకోక తప్పలేదు. 7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్, వేంగికి దగ్గర్లోని ఒక కొండ మీద దిఙ్నాగుడు తర్కగ్రంథం రాశాడని చెప్పుకునే కథను తన వివరణలో నమోదు చేశాడు. ఆ సంభాషణలో ఈ నేలకూ ఇంత చోటు ఉందన్నమాట.

ఇది ఎలా సాధ్యమైంది? న్యాయసూత్రాల మొదటి అధ్యాయంలోనే జవాబు దొరుకుతుంది. అక్కడ సిద్ధాంతాలను నాలుగు రకాలుగా విడదీశారు. అన్ని శాస్త్రాలకూ సమ్మతమైనది సర్వతంత్ర సిద్ధాంతం. ఒక శాస్త్రం వాళ్లకే పరిమితమైనది ప్రతితంత్ర సిద్ధాంతం. ఒకటి ఒప్పుకుంటే దాని వెంట తప్పనిసరిగా వచ్చేది అధికరణ సిద్ధాంతం. ఇక నాలుగోది అభ్యుపగమ సిద్ధాంతం. ఎదుటివాడి మాటను పరీక్ష కోసం తాత్కాలికంగా ఒప్పుకుని, అది ఎక్కడికి తీసుకెళ్తుందో చూడటం అది. ‘సరే, మీరన్నదే నిజమనుకుందాం, అప్పుడేమవుతుంది?’ అన్న మాటకు అప్పుడే శాస్త్రంలో స్థానం దొరికింది. మూలాలు కలవకపోయినా మాట ఆగకుండా ఉండే దారిని, అసలు మాట మొదలవకముందే వేసి ఉంచారు.

దానికి పక్కనే దృష్టాంతం ఉంది. లౌకికులకూ పరీక్షకులకూ, అంటే మామూలు మనిషికీ పండితుడికీ ఒకేలా అర్థమయ్యేదే దృష్టాంతమని సూత్రకారుడి నిర్వచనం. కొండ మీద పొగ కనిపిస్తోంది కాబట్టి అక్కడ నిప్పుంది. పొగకూ నిప్పుకూ ఉన్న సంబంధానికి శాస్త్రం చూపే ఉదాహరణ వంటిల్లు. ఎక్కడో ఉన్న స్వర్గాన్ని కాదు, రోజూ పొయ్యి వెలిగే వంటింటిని సాక్ష్యానికి పిలిచారు. ఆత్మ ఉందన్నవాడి కళ్లు ఆ పొగకు ఎంత మండుతాయో, లేదన్నవాడి కళ్లూ అంతే మండుతాయి. చూపే హేతువు వాదికీ ప్రతివాదికీ ఇద్దరికీ సిద్ధమై ఉండాలని దిఙ్నాగుడు ఇంకా గట్టిగా పట్టుబట్టాడు. ఒక్కరికే సమ్మతమైన హేతువు హేతువే కాదన్నాడు. ఉమ్మడి పునాది అంటే ఇదీ. ప్రపంచం గురించిన మొత్తం దృష్టి ఒకటి కానక్కర్లేదు. ఇప్పుడు ముందున్న ఈ ఒక్క ప్రశ్న తేలడానికి సరిపడా వంటింటి పొగ ఉంటే చాలు.

12వ శతాబ్దపు శ్రీహర్షుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఖండనఖండఖాద్యం మొదట్లోనే ఆయన తీసుకున్న ప్రశ్న ఇది: ప్రమాణాలు నిజంగా ఉన్నాయని ముందుగా ఒప్పుకుంటేనే వాదానికి దిగే అర్హత వస్తుందా? అక్కర్లేదు, వాదనియమాలకు కట్టుబడతానని ఒప్పుకుంటే చాలునన్నది ఆయన జవాబు. నైయాయికులకు ఇది రుచించలేదు. అయినా జవాబు చెప్పకుండా ఆయన్ను వాదసభ బయట నిలబెట్టలేకపోయారు.

ఆ నియమాలేమిటో కూడా చూడాలి. వాదంలో ఓడిపోయినట్టు తేల్చే సందర్భాలను న్యాయసూత్రాలు నిగ్రహస్థానాలన్నాయి. మొత్తం 22 చెప్పాయి. చెప్పిన ప్రతిజ్ఞను మధ్యలో వదిలేస్తే ఓటమి, అది ప్రతిజ్ఞాహాని. ఒకటి నిరూపిస్తానని మొదలుపెట్టి, ఇబ్బంది రాగానే ఇంకోదానికి మారితే ఓటమి. అడిగినదానికి సంబంధం లేని ఊసెత్తితే ఓటమి, అది అర్థాంతరం. ఎదుటివాడు మూడుసార్లు చెప్పి, సభకు అర్థమైన మాటను కూడా తిరిగి చెప్పలేకపోతే ఓటమి. తన మీద వచ్చిన ఆరోపణకు జవాబివ్వకుండా ‘నీలో మాత్రం ఆ తప్పు లేదా’ అంటే అది మతానుజ్ఞ, అంటే తన తప్పును ఒప్పుకున్నట్టే లెక్క. ఎదుటివాడి సిద్ధాంతాన్ని నమ్మకపోవడం ఈ 22లో ఎక్కడా లేదు. తన సిద్ధాంతాన్ని తానే దాటి మాట్లాడటం మాత్రం ఉంది. దాని పేరు అపసిద్ధాంతం.

ఈ జాబితా పక్కన పెట్టుకుని ఏ రాత్రయినా ఏదైనా ఒక న్యూస్ ఛానెల్ చర్చ చూడండి. అక్కడ చర్చ చచ్చిపోయేది మూలసూత్రాల తేడా వల్ల కాదని పది నిమిషాల్లో తెలిసిపోతుంది. అర్థాంతరం, మతానుజ్ఞ, ప్రతిజ్ఞాహాని వరసగా జరుగుతుంటాయి, ఆపే మధ్యవర్తి ఉండడు. ఎదుటివాడి మాటను అతను ఒప్పుకునేలా తిరిగి చెప్పగలిగినవాళ్లు అక్కడ ఎందరు? ఇది నమ్మకాల సమస్య కాదు. నియమం తెలియకపోవడం, తెలిసినా దానికి కట్టుబడకపోవడం.

పండితసభల్లో కుదిరింది బతుకు సమస్యల దగ్గర కుదరదని కొందరంటారు. అలాంటప్పుడు వితంతు వివాహం కన్నా పెద్ద బతుకు సమస్య ఏముంటుంది? ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1855లో కలకత్తాలో ఈ విషయం మీద రాయడం మొదలుపెట్టినప్పుడు ఎదుట ఉన్నవాళ్లకు మానవత్వం, స్త్రీల హక్కు అన్నవి ప్రమాణాలే కావు. శాస్త్రమే ప్రమాణం. తనకు ఇష్టమైన మూలసూత్రం వాళ్లు ఒప్పుకోవడం లేదని విద్యాసాగర్ కలం కింద పెట్టలేదు. వాళ్లు ఒప్పుకునే ధర్మశాస్త్రాన్నే తెరిచాడు. కలియుగానికి పరాశరస్మృతి ప్రమాణమని చెప్పేది ఎదుటి పక్షమే. ఆ స్మృతిలోనే భర్త మరణంతో సహా ఐదు ఆపదల్లో స్త్రీ మరో భర్తను పొందవచ్చునన్న శ్లోకం ఉంది. అది వాగ్దానం మాత్రమే జరిగిన కన్యల గురించి అన్నారు పండితులు. అది వేరే యుగానికి చెప్పిందని మాధవాచార్యుడి వ్యాఖ్యానం చూపించారు. విద్యాసాగర్ ఒక్కొక్కదానికీ జవాబు రాసి అదే ఏడు రెండో పుస్తకం తెచ్చాడు.

ఆయన చెప్పింది విని దేశమంతా మారిపోయిందని ఎవరూ అనరు. వితంతు వివాహాన్ని అనుమతించే బిల్లుకు వ్యతిరేకంగా వచ్చిన సంతకాలు అనుకూలంగా వచ్చినవాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా 1856 జులైలో చట్టం వచ్చింది. ఆ చట్టం పీఠికలో ఒక సంగతి ఉంది. వితంతువులకు పెళ్లి చేసుకునే యోగ్యత లేదన్నది ఆచారంలో ఉన్నా, అది తమ ధర్మశాస్త్రాల సరైన అర్థం కాదని చాలామంది హిందువులు నమ్ముతున్నారని చట్టమే చెప్పుకుంది. ఎదుటివాడి ప్రమాణం మీద నిలబడి చేసిన వాదం నేరుగా చట్టం వాక్యాల్లోకి వెళ్లిందంటే అంతకన్నా రుజువేం కావాలి? రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 1879లో ఇదే విషయం మీద ఉపన్యసించినప్పుడు శాస్త్ర ప్రమాణాలనే ముందు పెట్టాడు. పండితులు ఖండిస్తే ఆ ఖండనలకు మళ్లీ జవాబిచ్చాడు. 1881 డిసెంబరు 11న అక్కడ మొదటి వితంతు వివాహం జరిగింది.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. తాను మనసారా నమ్మని ప్రమాణం మీద నిలబడటం మోసం కాదా? అలా చేస్తే ఆ ప్రమాణానికే బలం చేకూర్చినట్టు కాదా? మొదటి ప్రశ్నకు జవాబు సులభం. ‘మీరు మన్నించే గ్రంథం ఇలా చెబుతోంది’ అనడంలో దాపరికం ఏమీ లేదు. అభ్యుపగమం బాహాటంగా చేసే పని. రెండో ప్రశ్న బరువైనదే. శాస్త్రం చెప్పింది కాబట్టి పెళ్లి చేయవచ్చంటే, శాస్త్రం కాదన్నప్పుడు ఏం చేస్తారన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. కానీ ఆ మిగిలిన ప్రశ్నను తేల్చేవరకూ ఆగమని పదేళ్ల వయసులో బొట్టు చెరిపించుకున్న పిల్లకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. పైగా శాస్త్రానికి రెండు అర్థాలున్నాయని ఒక్కసారి బహిరంగంగా తేలాక, ఏ అర్థం తీసుకోవాలో మనుషులే నిర్ణయించుకోవాల్సి వచ్చింది. మూలసూత్రం కదలడం అలాగే మొదలవుతుంది.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ గ్రాంథిక, వ్యావహారిక వాదం. 1911 నుంచి కొన్నేళ్లు నిప్పులు కురిసిన వివాదం అది. వ్యాకరణమూ పూర్వకవుల ప్రయోగమూ శాసించేదే రాతభాష అన్నది జయంతి రామయ్య పంతులు పక్షం. చదువుకున్నవాళ్లు నోటితో మాట్లాడే శిష్టవ్యవహారమే రాతకూ ప్రమాణమన్నది గిడుగు రామమూర్తి పక్షం. భాషకు ప్రమాణం ఎవరన్న మొదటి మెట్టు దగ్గరే తేడా. ఇంతకన్నా మూలం ఏముంటుంది?

గిడుగు ఏం చేశాడో చూడండి. తన సూత్రాన్ని పదే పదే ప్రకటించి ఊరుకోలేదు. ఎదుటి పక్షం గౌరవించే పాత గ్రంథాలు తెరిచాడు, శాసనాలు చదివాడు. గ్రామ్యమని పండితులు తోసేసిన రూపాలు వాటిలో ఉన్నాయని చూపించాడు. ఆ తర్వాత అసలు దెబ్బ కొట్టాడు. చిన్నయసూరి బాలవ్యాకరణాన్నే కొలబద్దగా పట్టుకుని, గ్రాంథికవాదులు గ్రాంథికంలో రాసిన రాతలను కొలిచాడు. ఆ కొలత ప్రకారమే వాటినిండా తప్పులు తేలాయి. 1933లో వచ్చిన ఆయన పుస్తకం ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం ఈ పనికే అంకితమైంది. జీవితమంతా ఆ భాషను చదివిన పండితులకే సాధ్యం కాని నియమాన్ని బడిపిల్లల మీద రుద్దడం న్యాయమా అన్న ప్రశ్న దానికదే వచ్చి నిలబడింది. వ్యావహారికమే ప్రమాణమని ఎవరూ ముందుగా ఒప్పుకోనక్కర్లేకపోయింది.

ఈ వివాదంలో మనుషులు మారారు కూడా. గ్రాంథిక వచనానికి బాట వేసినవాళ్లలో ముఖ్యుడు వీరేశలింగమే. ఆ వీరేశలింగం తన జీవితం చివరి ఏట, 1919లో, వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షుడయ్యాడు. మూలసూత్రాలను తర్కం తాకలేదన్నవాళ్లు ఈ ఒక్క సంగతికి జవాబు చెప్పాలి.

మూలాలు కలిసినంత మాత్రాన వాదం ఫలిస్తుందన్నదీ అబద్ధమే. 1870లో ఇంగ్లండులో జరిగిన ఒక పందెం దీనికి సాక్ష్యం. భూమి బల్లపరుపుగా ఉందని నమ్మిన జాన్ హాంప్డెన్, కాదని రుజువు చేసేవాళ్లకు 500 పౌండ్లు పందెం కాశాడు. పరిణామ సిద్ధాంతాన్ని డార్విన్‌తో పాటు ప్రకటించిన ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఆ పందేనికి ఒప్పుకున్నాడు. ఓల్డ్ బెడ్‌ఫర్డ్ కాలువ ఆరు మైళ్ల మేర తిన్నగా సాగుతుంది. నీటి మట్టానికి ఒకే ఎత్తులో గుర్తులు పెట్టి, ఒక చివర నుంచి దుర్బీనులో చూడాలి. నేల వంగి ఉంటే నడిమి గుర్తు ఎత్తుగా కనిపించాలి. కంటితో చూసినదే ప్రమాణమని ఇద్దరూ ఒప్పుకున్నారు, పరీక్షనూ ఒప్పుకున్నారు. నడిమి గుర్తు ఎత్తుగానే కనిపించింది. వాలెస్ గెలిచాడని మధ్యవర్తి చెప్పాడు. హాంప్డెన్ మాత్రం తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నాడు. ఏళ్ల తరబడి వాలెస్ మీద దూషణలు రాసి, జైలుకు కూడా వెళ్లాడు.

అక్కడ లోపించింది ఉమ్మడి సూత్రం కాదు. పరీక్ష తనకు వ్యతిరేకంగా వస్తే తలవంచుతానన్న నిజాయితీ. మిలిందపన్హ అనే బౌద్ధ గ్రంథంలో భిక్షువు నాగసేనుడు గ్రీకురాజు మిలిందుడితో మాట్లాడటానికి ముందు ఒకటే షరతు పెట్టాడు. పండితుడిలా వాదిస్తే మాట్లాడతాను, రాజులా వాదిస్తే మాట్లాడను అన్నాడు. పండితుడు ఓడిపోయినా కోపగించుకోడు, రాజు తనను కాదన్నవాణ్ణి దండిస్తాడు. బౌద్ధధర్మాన్ని ముందు ఒప్పుకోమని నాగసేనుడు అడగలేదు. మిలిందుడు పండితుల పద్ధతికే ఒప్పుకున్నాడు, అప్పుడే ప్రశ్నలు మొదలయ్యాయి.

కాబట్టి వాదానికి ముందు ఇద్దరూ ఒప్పుకోవాల్సినవి ఉన్నాయి. ఆ విషయంలో రాజీ లేదు. నాకు వర్తించే కొలతే నీకూ వర్తిస్తుంది. ఒకే మాటను ఒకేసారి అవుననీ కాదనీ అనకూడదు. ఇద్దరికీ కనిపించే సాక్ష్యానికి ఇద్దరూ విలువివ్వాలి. ఓడితే ఒప్పుకోవాలి. ఈ కాసిన్నీ ఏ మతానికీ ఏ పార్టీకీ సొంతం కావు. సంతలో బేరమాడే ఇద్దరు కూడా వీటికి కట్టుబడే తూకం వేయించుకుంటారు. వీటిని కాదన్నవాడితో చర్చ మానుకోవచ్చు. కానీ ఇవి ఒప్పుకున్న మనిషిని, దేవుణ్ణి నమ్ముతున్నాడనో నమ్మడం లేదనో, కులం గురించి వేరేలా ఆలోచిస్తున్నాడనో సంభాషణ నుంచి వెలివేస్తే అది పిరికితనం. ‘మూలాలు వేరు’ అన్న మాట ఎక్కువసార్లు ఆ పిరికితనాన్ని కప్పుకునే దుప్పటిగానే వాడుతున్నారు. తన నమ్మకం పరీక్షకు నిలవదేమోనన్న భయం ఉన్నచోటే అది త్వరగా బయటికి వస్తుంది.

వేరు మూలాల మధ్య సంభాషణ ఎంత దూరం వెళ్లగలదో చూపినవాడు ఒక తెలుగువాడే. వృక్షశాస్త్రం బోధిస్తూ, నాస్తికత్వం వల్ల ఉద్యోగం పోగొట్టుకున్న గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1944 చివర్లో సేవాగ్రాం వెళ్లి గాంధీని కలిశాడు. ఒకరికి దేవుడే ఊపిరి, మరొకరికి దేవుడన్న భావనే మనిషి చేతులు కట్టేసే తాడు. నాస్తికత్వం ఎందుకని గాంధీ అడిగాడు. గోరా సిద్ధాంతం చెప్పలేదు. బెంగాల్ కరువు నాటి కలకత్తా వీధుల గురించి చెప్పాడు. తిండి నిండుగా ఉన్న అంగళ్ల ముందే ఆకలితో మనుషులు, ఇది మా రాత అనుకుంటూ ప్రాణాలు వదిలారని చెప్పాడు. ఆకలి ఇద్దరికీ కనిపించేదే. వంటింటి పొగ లాంటిదే అది కూడా. మాట అక్కడి నుంచి సాగింది. గాంధీ ఆస్తికుడిగానే ఉన్నాడు, గోరా నాస్తికుడిగానే ఉన్నాడు. కానీ అస్పృశ్యతా నిర్మూలనలో కలిసి ఏం చేయాలన్న దగ్గర ఇద్దరూ ఒకచోటికి వచ్చారు.

గోరా తన కూతురికి దళిత యువకుడితో పెళ్లి నిశ్చయించినప్పుడు, ఆ పెళ్లి సేవాగ్రాంలో తన సమక్షంలో జరగాలన్నాడు గాంధీ. వధువు కుటుంబం నాస్తికులది కాబట్టి తంతులో దేవుడి పేరు చోట సత్యం పేరు చెప్పడానికి ఒప్పుకున్నాడు. 1948 జనవరి 30న ఆయన హత్యకు గురయ్యాడు. మార్చిలో సేవాగ్రాంలోనే, అనుకున్న పద్ధతిలోనే, సత్యం పేరు మీద ఆ పెళ్లి జరిగింది.